ఏడు కళ్ళజోళ్ళు

ఎవరి ముఖం మీద మురికి కళ్ళజోడు కనిపించినా ఆమె చెయ్యి ఊరుకోదు. అడగదు. రెండు చేతులూ చాచి, చెవుల వెనక నుంచి నెమ్మదిగా తీసి, అద్దాల మీద నోటి ఆవిరి ఊది, కోటు జేబులోని మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకెత్తి చూసి, మళ్ళీ ఆ ముఖానికే పెడుతుంది. ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనకు అలాగే చేసింది. ఆయన కాసేపు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తర్వాత కిటికీలోంచి చూసి, "అబ్బో, ఈ వీధిలో ఇన్ని చెట్లున్నాయా!" అన్నాడు. పక్కవాళ్ళంతా నవ్వారు. ఆమె తర్వాతి స్టాపులో దిగిపోయింది. అది ఆమె దిగవలసిన స్టాపు కాదు.

వీధిలో ఆమెను కళ్ళజోడమ్మ అంటారు. పదకొండేళ్ళుగా ఒకే షాపులో పని. ముందు గదిలో గాజు అరలు, నిలువుటద్దం, గోడకు అక్షరాల చార్టు, దాని వెనక ఒక లైటు. వెనక గదికి కిటికీ లేదు. అక్కడ అద్దం అంచు అరగదీసే యంత్రం ఉంటుంది. తిరిగే రాయి మీద నీటిచుక్క పడుతూ ఉంటుంది. సాయంత్రానికి తొట్టి అడుగున బూడిదరంగు బురద పేరుకుంటుంది. అదంతా గాజు పొడి. దాన్ని ఎత్తి పారబోసి, చేతులు కడుక్కుని, తాళం వేసి ఇంటికి పోతుంది.

షాపు యజమానికి డెబ్భై దాటాయి. ఆమెను అమ్మాయ్ అంటాడు.

"అమ్మాయ్, నువ్వు మనుషుల్ని చూడవు. ముఖాల్ని చూస్తావు."

"కళ్ళజోడు ముఖానికే కదండీ పెట్టేది."

"చూశావా! మాట్లాడితే గోడ కట్టేస్తావు."

ఆమె నిజంగానే గోడ కట్టుకుంది. మధ్యాహ్నం వెనక తలుపు దగ్గర బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఒక్కతే తింటుంది. ఎవరి ఇంట్లో పెళ్ళయినా, పుట్టినరోజైనా పోదు. పిలిచేవాళ్ళు మొదట్లో నొచ్చుకున్నారు. తర్వాత పిలవడం మానేశారు. ఎందుకు రాదో ఎవరికీ తెలియదు. నలుగురు చేరినచోట ఎవరో ఒకరు గ్లాసు అందిస్తారని ఆమె భయం.

ఇంట్లో ఉండేది ఆమె, తొమ్మిదేళ్ళ కూతురు. కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. కాలు ఒకచోట నిలవదు, మనిషి పీచులా ఉంటుంది, ఏడేళ్ళ పిల్లంత ఉంటుంది. వీధిలో ఉన్న పద్నాలుగు కుక్కల పేర్లూ, వాటి అమ్మల పేర్లూ పిచ్చుకకు వచ్చు. మూడో ఎక్కం రాదు. పొద్దున చెబితే అప్పజెప్పేస్తుంది. మధ్యాహ్నానికి అంతా తుడిచిపెట్టుకుపోతుంది. నిన్నకూ రేపటికీ తేడా పడదు. ఐదింటికి రమ్మంటే తల ఊపుతుంది, చీకటి పడ్డాక వస్తుంది, ఎందుకు తిడుతున్నారో అర్థంకాక నవ్వుతుంది. ఒకరోజు నిచ్చెన మోసుకుపోతున్న, గోడలకు రంగులేసే అతను నవ్వాడని అతని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిచింది. అతను మంచివాడు కాబట్టి వెనక్కి తీసుకొచ్చాడు.

"ఈ పిల్లను కాస్త కనిపెట్టుకోవాలమ్మా," అన్నాడు. "నేననే కాదు, ఎవరి వెంటైనా సరే వెళ్ళిపోయేలా ఉంది."

ఇక్కడే కళ్ళజోడమ్మ ఒక పొరపాటు చేసింది. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళే చేయగల పొరపాటు. పిచ్చుక నాలుగో ఏట మెట్టు చూసుకోక పడింది. రంగులు అడిగితే తప్పు చెప్పింది. పిలిస్తే ఎటో చూసింది. తల్లి ఆ రాత్రే తేల్చుకుంది: పిల్లకు చూపు సరిగా లేదు. పరీక్ష చేయిస్తే పావు పవర్ తేలింది. చాలామంది పిల్లలకు ఆ మాత్రం ఉంటుంది, అద్దాలు అక్కర్లేదు. ఆమె తన చేత్తోనే అద్దాలు అరగదీసి, అన్నిటికన్నా చిన్న ఫ్రేమ్‌లో బిగించి పెట్టింది. ఆర్నెల్లకు పిల్లలో మార్పు లేదు. కొలత తప్పిందేమో అనుకుంది. ఇంకో జత చేసింది. బళ్ళో అక్షరాలు తలకెక్కలేదు, ఇంకో జత. ఎక్కాలు నిలవలేదు, ఇంకో జత. రెండు జతలు పిచ్చుక పోగొట్టింది. మిగతావి ఆమె మార్చినవే. ఐదేళ్ళలో మొత్తం ఏడు.

కూతురి ముఖం ఆమెకు మిల్లీమీటర్లతో సహా తెలుసు. కనుపాప నుంచి కనుపాపకు ఎంత, ముక్కు దూలం ఎంత, అన్నీ. కళ్ళు తెరుచుకున్న చీలిక మాత్రం మిగతా పిల్లలకు ఉన్నంత లేదు. ప్రతిసారీ స్కేలు పెట్టినప్పుడు తెలిసేది. మా అమ్మ కళ్ళూ చిన్నవే కదా, అని సరిపెట్టుకునేది. వాళ్ళమ్మ కళ్ళు చిన్నవి కావు.

ఆ నాలుగో ఏటే, టీకా వేయించడానికి పోయిన ఆసుపత్రి గోడ మీద ఒక కాగితం చూసింది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి మద్యం తాగితే, అని మొదలైంది. రెండు వరసలు చదివి తల తిప్పుకుంది. మూడో వరసలో ఏముందో ఇప్పటికీ తెలియదు. ఇంటికొచ్చి కొలతలు మళ్ళీ తీసుకుంది.

చూపే అయి ఉండాలని ఆమె కోరిక. చూపయితే ఆమె చేతిలో పని.

కట్టుకున్నవాడు లిఫ్టులు బిగించే పని చేసేవాడు. ఊళ్ళు తిరిగేవాడు. వచ్చినప్పుడు ఇద్దరూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఒక సీసా పంచుకునేవాళ్ళు. మంచి మాటకారి. నవ్వించేవాడు. తర్వాత రావడం తగ్గింది. తర్వాత ఫోను తగ్గింది. చివరికి ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పే దిక్కు లేకపోయింది. కిటికీ మిగిలింది, సాయంత్రం మిగిలింది. పని నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే గ్లాసు తీసుకునేది. కడుపుతో ఉన్నానని తెలిసేసరికి మూడో నెల. మానేద్దామనుకుంది. రెండు రోజులు మానింది. మూడో రోజు చేతులు వణికి లెన్సు జారి పగిలింది. ఆ సాయంత్రం మళ్ళీ తీసుకుంది. ఒక గ్లాసు. కొన్ని రోజులు రెండు. పురిటి వారం దాకా.

పిల్లను చేతికిచ్చిన రోజు నుంచి ముట్టలేదు. అప్పుడెలా మానగలిగిందో ఆమెకు తెలియదు. ముందెందుకు మానలేకపోయిందో అదీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక?

ఈ ఏడు చలి మొదలైన వారంలో బడి నుంచి పిలుపొచ్చింది. టీచరు చిన్న వయసుది, గొంతు బొంగురు పోయి ఉంది. ముందు ఒక ఎర్రటోపీ బల్ల మీద పెట్టింది.

"ఇది వేరే అమ్మాయిది. మీ అమ్మాయి సంచిలో దొరికింది. ఎక్కడిదే అంటే మా నాన్న తెచ్చాడంది. నాన్న వచ్చాడా అండీ?"

"లేదు."

"మరి? కళ్ళలోకి చూసి చెప్పింది. ఇది నాలుగోసారి. అరగంట బయట నిలబెట్టాను. లోపలికి పిలిచానో లేదో, వెనక నుంచి వచ్చి వాటేసుకుంది. 'టీచర్, మీ జుట్టు బావుంది' అంది." టీచరు జుట్టు వెనక్కి తోసుకుంది. "నాకే భయమేసిందండీ. శిక్ష వేస్తే పిల్ల ఏడవాలి, అలగాలి. రెండోసారి భయపడాలి. ఈ పిల్లకు ఏదీ అంటదు. కావాలనే చేస్తోందని పెద్ద టీచరుగారంటున్నారు. వచ్చే టర్ముకు ఉంచుకోవద్దంటున్నారు."

"కళ్ళజోడు మార్చాలేమో," అంది తల్లి.

టీచరు టోపీని పక్కకు జరిపింది. "కళ్ళజోడు కాదండీ. పిల్లల డాక్టరు దగ్గర చూపించండి. ఏదైనా ఉందని రాసిస్తే నేను మాట్లాడతాను. కాగితం లేకపోతే నా మాట చెల్లదు."

డాక్టరు నడివయసు మనిషి. గదిలో ఆటబొమ్మలు తక్కువ, పుస్తకాలు ఎక్కువ. పిచ్చుక లోపలికి రాగానే డాక్టరు ఒళ్ళో ఎక్కి కూర్చుని ఆమె మెళ్ళోని గొట్టాన్ని చెవిలో పెట్టుకుంది. డాక్టరు దింపలేదు. తలచుట్టూ టేపు పెట్టి కొలిచింది. ముక్కుకూ పెదవికీ మధ్య వేలితో తాకి చూసింది. తర్వాత జేబులోంచి సన్నటి పారదర్శకమైన స్కేలు తీసి కంటి ఈ మూల నుంచి ఆ మూలకు పెట్టింది.

ఆ స్కేలు ఎలాంటిదో కళ్ళజోడమ్మకు తెలుసు. అలాంటిదే ఆమె కోటు జేబులోనూ ఉంది.

"పాపకు ఇప్పటిదాకా ఎన్ని కళ్ళజోళ్ళు చేయించారు?"

"ఏడు."

"పవర్ ఎంత?"

"పావు."

డాక్టరు పిచ్చుకను బొమ్మలు వేయమని నర్సుతో పక్క గదిలోకి పంపింది. తలుపు మూసింది. తల్లి బయట నింపి ఇచ్చిన కాగితం తీసింది. కడుపుతో ఉన్నప్పుడు పొగ, మద్యం, వాడిన మాత్రలు, అని ఉన్నచోట జవాబుకు బదులు ఒక గీత ఉంది.

"ఇది నేను అందరినీ అడుగుతాను, మిమ్మల్నొక్కరినే కాదు," అంది డాక్టరు. "అప్పుడు మద్యం ఏమైనా తీసుకున్నారా? తెలియక ముందైనా సరే, కొంచెమైనా సరే."

"లేదండీ."

మాట తడబడలేదు. ఆ మాట తొమ్మిదేళ్ళుగా నోట్లో సిద్ధంగా ఉంది.

"ఎందుకు అడుగుతున్నానో చెబుతాను," అంది డాక్టరు. "ఇలాంటి పిల్లల్ని చూశాను. చెప్పింది నిలవదు. ఒకసారి కాలినా రెండోసారి చెయ్యి పెడతారు. అబద్ధం ఆడుతున్నారనుకుంటాం, వాళ్ళు ఖాళీని ఏదో ఒకదానితో పూరిస్తున్నారంతే. కొత్తవాళ్ళంటే బెదురుండదు. మద్యం వల్ల కడుపులోనే మెదడు దెబ్బతింటే ఇలా ఉండొచ్చు. కొందరికి ముఖంలోనూ గుర్తులుంటాయి. మీ అమ్మాయికి కళ్ళు చిన్నవి, తల కొంచెం చిన్నది. పెదవి మామూలుగానే ఉంది. ముఖం చూసి మాత్రమే నేను చెప్పలేను. తల్లి చెబితేనే తేలుతుంది."

"తేలితే ఏమవుతుంది? నయమవుతుందా?"

"నయం కాదు. పద్ధతి మారుతుంది. శిక్ష మానేస్తాం. ఒక్కసారి ఒక్క పనే చెబుతాం. రోజూ అదే వరస, అదే వేళ. బడికి నేను రాసిస్తాను, మొండితనం కాదు, మెదడుకు తగిలిన దెబ్బ అని. ఇవేవీ చేయకపోతే పెద్దవుతున్నకొద్దీ పిల్లలు చాలా అవస్థ పడతారు."

కళ్ళజోడమ్మ తన చేతులు చూసుకుంది. గోళ్ళ సందుల్లో గాజు పొడి ఎప్పుడూ పూర్తిగా పోదు.

"సరే," అంది డాక్టరు. "లేదంటున్నారు కాబట్టి ఇంకేమైనా ఉందేమో వెతుకుతాను. రక్తపరీక్ష రాస్తాను. నెల తర్వాత రండి."

నెల తర్వాతంటే కొత్త టర్ము మొదలైపోతుంది. ఆ సంగతి ఆమెకు బస్సెక్కాక గానీ తట్టలేదు. పిచ్చుక పక్కసీటులోని అపరిచితురాలి భుజం మీద నిద్రపోయింది.

వారం గడిచింది. షాపుకు ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. యాభై ఐదేళ్ళుంటాయి. ఏటా కంటిపరీక్ష కాగితం చూపించకపోతే ఆయన్ను బస్సెక్కనివ్వరు. యజమాని ఆ రోజు జ్వరంతో రాలేదు. ఆమే చార్టు ముందు కూర్చోబెట్టింది.

ఆయన పైనుంచి కిందిదాకా గడగడా చదివేశాడు. చివరి వరస కూడా. ఊపిరి తీసుకోలేదు.

"ఇంకోసారి చదువు బాబాయ్."

మళ్ళీ చదివాడు. అదే వేగం.

ఆమె స్విచ్చి నొక్కింది. చార్టు నల్లబడిపోయింది.

"మూడో వరస?"

ఆయన మూడో వరస చదివాడు.

"బాబాయ్, లైటు తీసేశాను."

ఆయన తల గోక్కున్నాడు. "అదేంటి తల్లీ, ముందే చెప్పాలిగా. అనవసరంగా అంత కష్టపడ్డాను."

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది కాబట్టి ముఖానికి కొత్తగా తగిలింది.

"ఎన్నాళ్ళ నుంచి కంఠస్థం?"

"నాలుగేళ్ళు. మా ఆవిడ అప్పజెప్పించుకుంటుంది. ఇంకా మూడేళ్ళే సర్వీసు. చూడనట్టు వదిలెయ్యమ్మా."

"ఇది పరీక్ష కాదు బాబాయ్. కనబడకపోతే కనబడలేదని చెప్పు. నువ్వు దాచిపెడితే నేను చేసే అద్దం నీకు పనికిరాదు."

ఈ మాట ఆమె వెయ్యిసార్లు అని ఉంటుంది. పిల్లలకు, ముసలివాళ్ళకు, సిగ్గుపడే పెళ్ళికూతుళ్ళకు. అలవాటుగా వచ్చే మాట. ఈసారి అన్నాక ఆ మాట తనకే వినబడింది. చేతిలో లెన్సు పట్టుకుని అలాగే నిలబడింది.

"నీకేం, చెప్పడం తేలిక," అన్నాడు డ్రైవరు. ఈసారి హాస్యం లేదు. "చెప్పాక నా ముఖం ఎవరు చూస్తారు? బస్సు దిగితే నేనెవణ్ణి?"

ఆయన టోపీ విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. వీధిలో ఒక బండి పోయింది, ఇంకొకటి పోయింది.

"రోజూ అరవైమంది ఎక్కుతారు," అన్నాడు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "సరే. వెయ్యి లైటు. రెండో వరస తర్వాత నాకేమీ లేదు. అంతా మంచు."

అద్దాలు పెట్టి చూస్తే ఐదో వరసదాకా వచ్చింది. ఉద్యోగానికి చాలుతుందో లేదో పెద్ద ఆసుపత్రివాళ్ళు చెప్పాలి. ఆ సంగతి ఆమె దాచకుండా చెప్పింది. ఆయన తల ఊపాడు. వెళ్ళేటప్పుడు తలుపు పిడి ఎక్కడుందో తడుముకున్నాడు, ఇక నటించే పనిలేనివాడిలా.

ఆ సాయంత్రం ఇంట్లో పిచ్చుక బడి బట్టల్లోనే నేల మీద కూర్చుని ఉంది. ఒక బూటు విప్పింది. రెండోది కాలికే ఉంది. కిటికీలోంచి ఏదో కుక్కను చూస్తోంది.

"బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, డబ్బా సింకులో వేసి, రొట్టె తినమన్నానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

"నాలుగు చెప్పావు," అంది పిచ్చుక. "ఒకటి గుర్తుంది."

"అదీ సగమే చేశావు. కావాలనే చేస్తావు నువ్వు."

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. పిచ్చుక ఏడవలేదు, అలగలేదు. తల పక్కకు వంచి ఆలోచించింది.

"అమ్మా, నేను కావాలనే చేస్తానా?"

"ఏంటి?"

"టీచరూ అంది. నువ్వూ అన్నావు. నాకు తెలీట్లేదు. చేస్తానా?"

బయట వాన పడుతోందా అని అడిగినట్టే అడిగింది. అమ్మకు తెలుసు కాబట్టి అమ్మను అడిగింది. కళ్ళజోడమ్మ గోడకు ఆనుకుంది. ఈ ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినది తనొక్కతే. ఈ ఇంట్లో ఏమిటి, ఈ లోకంలోనే.

"లేదు," అంది.

"నీకెలా తెలుసు?"

ఆమె పిల్ల ముఖంలోకి చూసింది. కొలతలు కనబడలేదు. ముఖమే కనబడింది.

"తెలుసు."

"సరే అయితే," అంది పిచ్చుక. అప్పటికే కుక్క వైపు తిరిగిపోయింది. తల్లి కింద కూర్చుని రెండో బూటు లేసు విప్పింది. ఇంకేమీ చెప్పలేదు. బూటు పక్కన పెట్టాక, "చేతులు కడుక్కో," అంది. పిచ్చుక వెళ్ళి కడుక్కుంది. తిరిగొచ్చాక, "డబ్బా సింకులో వెయ్యి," అంది. వేసింది. నాలుగు పనులూ అయ్యేసరికి బాగా పొద్దుపోయింది. రొట్టె తిన్నాక పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. ఆమె ఎంతోసేపు కదల్లేదు. ఎవరికైనా ఫోను చేయాలనిపించింది. ఎవరి నంబరూ తోచలేదు.

మర్నాడు పొద్దున పిచ్చుకను బడి గేటు దాకా తీసుకెళ్ళి దింపింది. జ్వరం తగ్గి షాపు తెరిచిన యజమానికి ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెప్పింది. "ఒంట్లో బాగోలేదా అమ్మాయ్?" అని యజమాని అడిగాడు. "బాగానే ఉందండీ," అంది. ఎటు వెళుతోందో చెప్పలేదు.

ఆసుపత్రి తలుపు ఇంకా సగమే తెరిచి ఉంది. నేల తుడిచే మనిషి తడి ఆరేదాకా ఆగమంది. ఆగింది. కౌంటరు దగ్గరి అమ్మాయి పుస్తకం తిప్పి చూసింది.

"మీ వంతు నెల తర్వాత కదండీ. ఇవాళ ఖాళీ లేదు."

"రెండు మాటలు చెప్పి పోతాను."

"నాకు చెప్పండి, రాసి ఉంచుతాను."

"మీకు కాదమ్మా."

గోడవారగా నిలబడింది. బెంచీ ఖాళీగానే ఉంది, కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేచి ఇంటికి వెళ్ళిపోతానేమోనని భయం. తొమ్మిది కావస్తుండగా డాక్టరు వచ్చింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో తాళాలు, మెళ్ళో ఇంకా విప్పని మఫ్లరు.

"మీరా? పిల్లకేమైనా అయిందా?"

"లేదండీ. నేను ఆ రోజు లేదన్నాను." నేల తుడిచే మనిషి అక్కడే ఉంది. కౌంటరు దగ్గరి అమ్మాయీ ఉంది. "తాగాను. రోజూ. ఒక గ్లాసు, కొన్నాళ్ళు రెండు. కాన్పు అయ్యే వారం దాకా."

నేల తుడిచే మనిషి బకెట్టు ఎత్తుకుని మూల తిరిగి వెళ్ళిపోయింది. కౌంటరు దగ్గరి అమ్మాయి తల వంచుకుంది. డాక్టరు ఓదార్చలేదు, కసరలేదు. తాళం తీసి, తలుపు తోసి పట్టుకుని పక్కకు జరిగింది.

"లోపలికి రండి," అంది. "మొదటి నెల నుంచి చెప్పండి. తొందరేం లేదు."

ఆమె లోపలికి వెళ్ళి కూర్చుంది. కోటు విప్పి ఒళ్ళో మడిచి పెట్టుకుని, మొదటి నెల నుంచి చెప్పడం మొదలుపెట్టింది.